రెండు రోజుల వర్క్‌షాప్‌తో నాయకులు తయారవరు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఎల్‌జీబీటీక్యూఐ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్, క్వీర్, ఇంటర్‌సెక్స్) యువతని కమ్యూనిటీ నాయకులుగా తయారుచేయాలనే మాట ఈమధ్య చాలా చోట్ల వినిపిస్తోంది. కంపెనీలు అంటున్నాయి, ఎన్జీవోలు అంటున్నాయి, అప్పుడప్పుడు అధికారులు కూడా అంటున్నారు. మంచి మాటే. కానీ ఆ పేరుతో జరుగుతున్న పని చూస్తే బాధేస్తోంది, కొంచెం కోపం కూడా వస్తోంది, అందుకే రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక హోటల్లో హాలు తీసుకుంటారు, రెండు రోజులు ఇంగ్లిష్‌లో స్లైడ్లు చూపిస్తారు, ఆఖర్న గ్రూప్ ఫోటో, చేతికో సర్టిఫికెట్. సూర్యాపేట నుంచో ఆదిలాబాద్ నుంచో ఒంగోలు నుంచో ఎవరైనా కష్టపడి వచ్చారే అనుకోండి, తిరిగి ఊరికి వెళ్లిన మర్నాడే స్నేహితుణ్ణి పోలీసులు పట్టుకెళ్లారని ఫోన్ వస్తే ముందు ఎవరికి చెప్పాలి, స్టేషన్‌కి వెళ్లి ఏం అడగాలి, ఏ కాగితం మీద సంతకం పెట్టకూడదు, ఇవేవీ ఆ రెండు రోజుల్లో ఎవరూ చెప్పి ఉండరు.

నా అభిప్రాయం ఒక్కటే. మా పిల్లలకి నాయకత్వం నేర్పాలంటే వాళ్ల జిల్లాలోనే, తెలుగులోనే, కనీసం ఏడాది పాటు, నెలనెలా జీతం ఇచ్చి, నిజమైన పని చేయిస్తూ నేర్పాలి. మిగతా పద్ధతులన్నీ డబ్బు దండగ అనే అంటాను.

నేను గేని. కొన్నేళ్లు హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమంలో ఔట్‌రీచ్ వర్కర్‌గా పనిచేశాను. నా పేరు వేయొద్దని కోరుతున్నాను, ఎందుకంటే నేనుండేది అద్దె ఇల్లు, ఓనర్‌కి తెలిస్తే ఖాళీ చేయమంటారు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని చెప్పింది, దాన్ని నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 377 భయం పోయింది, కానీ ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల మీద ఆ తీర్పుకి పట్టు లేదు కదా. ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, నాయకుడు కావాలంటే ముందు అందరి ముందూ తన సంగతి చెప్పుకోవాలి, ఫోటో దిగాలి, వీడియోలో మాట్లాడాలి అని ఈ శిక్షణల్లో ఒక ఒత్తిడి పెడుతున్నారు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం ఉన్నవాళ్లు చేయగలరేమో. మహబూబాబాద్‌లో అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ డిగ్రీ చదివే అమ్మాయి చేయలేదు, చేయమని అడగకూడదు. ముఖం చూపించకుండా కూడా పది మందిని కాపాడినవాళ్లు నాకు తెలుసు, వాళ్లు నాయకులు కాకపోతే మరెవరు?

అసలు మా తరంలో నాయకులు ఎక్కడి నుంచి వచ్చారో చూడండి. 2003లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో అవాహన్ అనే హెచ్‌ఐవీ కార్యక్రమం మొదలైంది, అది నడిచిన 6 రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తర్వాత 2010లో గ్లోబల్ ఫండ్ సాయంతో పెహచాన్ వచ్చింది, 17 రాష్ట్రాల్లో హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లు, కోతీలు (ఆడతనం కనిపించే మగవాళ్లు), గేలు తమ సంఘాలు తామే నడుపుకునేలా నిలబెట్టడం దాని ఉద్దేశం. ఇలాంటి కార్యక్రమాల్లో కండోమ్‌లు పంచడానికీ, టెస్టులకి వెంటబెట్టుకుని వెళ్లడానికీ మాలోంచే పీర్ ఎడ్యుకేటర్లని, అంటే తోటివాళ్లకి చెప్పేవాళ్లని, తీసుకునేవారు. పెద్దగా చదువుకోనివాళ్లు, ఇంట్లోంచి గెంటేస్తే బయటికొచ్చినవాళ్లు, సాయంత్రమైతే బస్టాండ్ వెనక, పార్కుల్లో, రైలు పట్టాల పక్కన తిరుగుతూ ఎవరు కొత్తగా వచ్చారు, ఎవరు మందులు మానేశారు, ఎవర్ని రౌడీలు కొట్టి ఫోన్ లాక్కున్నారు, అన్నీ డైరీలో రాసుకునేవాళ్లు. అప్పటికి 377 ఇంకా బతికే ఉంది. అర్ధరాత్రి ఫోన్ వస్తే స్టేషన్‌కి పరిగెత్తాలి, ఎస్సైతో ఎప్పుడు బతిమాలాలి, ఎప్పుడు గట్టిగా నిలబడాలి, లాయర్‌ని ఎప్పుడు పిలవాలి, ఇవన్నీ చేస్తూ చేస్తూ నేర్చుకున్నారు. నెల తిరిగేసరికి రిపోర్టు రాయాలి, మీటింగ్‌లో లేచి మాట్లాడాలి, ఖర్చుకి బిల్లు చూపించాలి. దాన్ని నాయకత్వ శిక్షణ అని ఎవరూ పిలవలేదు కానీ నాకు తెలిసి ఇంతకంటే గట్టి శిక్షణ ఈ రెండు రాష్ట్రాల్లో ఇప్పటిదాకా జరగలేదు. ఇవాళ జిల్లాల్లో ఎవరైనా ట్రాన్స్ మహిళ కలెక్టర్ ముందు కూర్చుని తడబడకుండా మాట్లాడుతోందంటే ఎప్పుడో అలాంటి ఉద్యోగం చేసి ఉంటుందనే అనుకుంటాను.

అందులో పెద్ద లోటూ ఉంది. అది హెచ్‌ఐవీ డబ్బు కాబట్టి హెచ్‌ఐవీ ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్నారు. లెస్బియన్ అమ్మాయిలు, ట్రాన్స్ మగవాళ్లు (ఆడపిల్లలుగా పుట్టి మగవాళ్లుగా బతికేవాళ్లు), ఇంటర్‌సెక్స్‌గా (ఆడా మగా అని విడదీయలేని శరీర లక్షణాలతో) పుట్టినవాళ్లు ఆ లెక్కలో లేరు. వాళ్లలోంచి పీర్ ఎడ్యుకేటర్లు రాలేదు, ఆఫీసు గది దొరకలేదు, పది మంది కూడే చోటు దొరకలేదు. ఆ లోటు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. ఒక జిల్లా కేంద్రంలో ఇద్దరు అమ్మాయిలు ప్రేమించుకున్నారని ఇంట్లో తెలిసి ఒకమ్మాయిని గదిలో పెట్టి తాళం వేస్తే, ఫోన్ తీసేసుకుంటే, సంబంధాలు చూడటం మొదలుపెడితే, ఆ ఊళ్లో ఆ రెండో అమ్మాయికి అండగా వెళ్లేవాళ్లు ఎవరున్నారు?

ఇలాంటి కేసుల గురించే 2024 మార్చిలో దేవు జి. నాయర్ కేసులో సుప్రీంకోర్టు దేశంలోని కోర్టులన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. హెబియస్ కార్పస్ పిటిషన్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెమ్మనే అర్జీ) వేస్తే ఆలస్యం చేయకుండా వినాలి, ఆ మనిషిని ఇంట్లోవాళ్ల ఒత్తిడి లేని చోట విడిగా అడగాలి, కౌన్సెలింగ్ పేరు పెట్టి మనసు మార్చే ప్రయత్నం చేయకూడదు. అలాగే కన్వర్షన్ థెరపీ, అంటే మందులతోనో కరెంటుతోనో భయపెట్టో మనిషి స్వభావాన్ని 'సరిచేస్తాం' అనే వైద్యం, డాక్టర్ల వృత్తి నియమాల ఉల్లంఘన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఇవి తెలిసిన ఒక్క మనిషి ప్రతి జిల్లాలో ఉంటే, తెలియడమే కాదు, ఆ రాత్రే లాయర్‌తో మాట్లాడి పొద్దున్నే కాగితం సిద్ధం చేయించగలిగే మనిషి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో. నేను కోరుకునే శిక్షణలో మొదటి పాఠం ఇదే కావాలి.

తెలంగాణలోనే ఇంకో ఉదాహరణ ఉంది, మీ పాఠకుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. నిజాం కాలంలో 1919లో, అంటే అప్పటి క్యాలెండర్‌లో 1329 ఫస్లీలో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. పోలీసులు వాళ్ల పేర్లు రిజిస్టర్లో ఎక్కించొచ్చు, ఆడవాళ్ల బట్టలు కట్టుకుని బయట కనిపిస్తే వారంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు, జైల్లో పెట్టొచ్చు. స్వాతంత్ర్యం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ ఏర్పడింది, ఆ చట్టం మాత్రం అలాగే పుస్తకాల్లో ఉండిపోయింది. 2018లో ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో కలిసి హైకోర్టుకి వెళ్లారు. 2023 జూలైలో చీఫ్ జస్టిస్ ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్ రెడ్డి బెంచ్ ఆ చట్టాన్ని కొట్టేసింది, ట్రాన్స్‌జెండర్లకి ఆసరా పెన్షన్ కూడా వర్తింపజేయమని చెప్పింది. కమ్యూనిటీలోంచి వచ్చిన మనుషులు చట్టం చదివి, లాయర్లతో కూర్చుని, ఏళ్ల తరబడి వాయిదాలకి తిరిగితే జరిగిన పని అది.

సరే, తీర్పు వచ్చింది. ఇప్పుడు ఆ పెన్షన్ నారాయణపేటలో ఒక ముసలి హిజ్రా చేతికి చేరాలంటే ఏం కావాలి? ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు, బ్యాంకు పుస్తకమే లేదు. ట్రాన్స్‌జెండర్ ఐడీ కార్డు కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి, అఫిడవిట్ కావాలి, ఫోన్‌కి ఓటీపీ రావాలి. 2020లో కేంద్ర నిబంధనలు వచ్చినప్పుడు ఆ సర్టిఫికెట్‌కి డాక్టర్ పరీక్ష అక్కర్లేదని రాశారు, అయినా కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లకి ఆ సంగతి తెలియక 'ఆపరేషన్ అయిందా' అని నలుగురిలో అడిగితే ఆమె మళ్లీ ఆ ఆఫీసు గుమ్మం తొక్కదు. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్ పెన్షన్ 4,000 రూపాయలు ఇస్తున్నారు, చిన్న మొత్తం కాదు, కానీ అక్కడైనా అంతే, కాగితాలు లేకపోతే డబ్బు లేదు. ఆ రోజు ఆమె పక్కన నిలబడి నిబంధన ప్రింటు తీసి చూపించే పిల్లే నా దృష్టిలో కమ్యూనిటీ లీడర్. హైకోర్టు తీర్పుకీ నారాయణపేట కౌంటర్‌కీ మధ్య ఉన్న దూరం నడిచేవాళ్లు కావాలి.

కాబట్టి ఏం నేర్పాలి అంటే నేను ఇలాంటివే చెబుతాను. ఫిర్యాదు రాయడం, ఎఫ్ఐఆర్ కాపీ అడిగి తీసుకోవడం, వేరే స్టేషన్ పరిధి అని పంపించేస్తే జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునేది) అడగడం. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి అర్జీ పట్టుకెళ్లి రసీదు తెచ్చుకోవడం. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేసి 30 రోజుల తర్వాత అప్పీలు దాకా వదలకుండా వెళ్లడం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్‌ని అడగడం, అక్కడ పారా లీగల్ వాలంటీర్లుగా చేరడం (ఈ ఒక్కటీ ప్రతి జిల్లాలో జరిగినా చాలా మార్పు వస్తుంది, దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు). ఏడుగురు కలిసి సొసైటీ రిజిస్టర్ చేయించుకోవడం, క్యాష్ బుక్ రాయడం, ఆడిట్ చేయించడం. లెక్కలు సరిగ్గా లేక మూతపడిన మంచి సంఘాలు ఉన్నాయి, పది మంది ముందు అద్భుతంగా మాట్లాడేవాళ్లే ఓచర్లు దాచుకోక నింద మోశారు. చివరికి ఎవరైనా చచ్చిపోతానని ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఎలా కలపాలి, ఇది కూడా రావాలి. ఆ ఫోన్లు ఎత్తీ ఎత్తీ మా వాళ్లే కుంగిపోతున్నారు. వాళ్లకి సెలవు కావాలి, వాళ్ల మాట వినే మనిషి కావాలి, శిక్షణలో దీనికి గంటలు కేటాయించాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. విదేశీ డబ్బు మీద ఆధారపడితే ఏమవుతుందో నారాయణగూడలోని మిత్ర్ క్లినిక్ విషయంలో చూశాం. 2021లో అమెరికా సంస్థ యూఎస్‌ఎయిడ్ సాయంతో మొదలైంది, ట్రాన్స్‌జెండర్ల కోసం ట్రాన్స్‌జెండర్లే నడిపిన క్లినిక్, దేశంలో అలాంటిది అదే మొదటిది. 2025 మొదట్లో అక్కడ కొత్త ప్రభుత్వం సాయం ఆపేసింది, ఇక్కడ తలుపులు మూతపడ్డాయి. హార్మోన్ మందులు తీసుకుంటున్నవాళ్లు, హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా దిక్కు లేకుండా అయ్యారు, అక్కడ పనిచేసే మా వాళ్ల ఉద్యోగాలు పోయాయి. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు, సంతోషం. కానీ ఎక్కడో వాషింగ్టన్‌లో ఒక సంతకానికి నారాయణగూడలో మనిషి మందు ఆగిపోవడం ఏంటి? పోనీ చిన్న సంఘాలు తామే విదేశీ విరాళాలు తెచ్చుకుందామంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్‌కి మూడేళ్లలో కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టినట్టు చూపించాలి. పెద్ద సంస్థ తెచ్చి చిన్న సంఘానికి ఇద్దామంటే 2020 సవరణ తర్వాత అదీ కుదరదు. జిల్లాలో ఏడుగురు పెట్టుకున్న సంఘానికి దారి ఎక్కడుంది చెప్పండి. ఇక జూన్ నెలలో లోగోలకి ఇంద్రధనుస్సు రంగులు వేసుకునే కంపెనీలు తమ సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే) డబ్బులో కొంచెం జిల్లాలకి పంపితే బాగుంటుంది. గచ్చిబౌలిలో ఒక సాయంత్రం కార్యక్రమానికి పెట్టే ఖర్చుతో మెదక్‌లో ఒక పిల్ల కొన్ని నెలలు నిశ్చింతగా పనిచేస్తుంది.

మా లోపలి విషయాలు కూడా రాయాలి, రాయకపోతే సగమే చెప్పినట్టు. హిజ్రా జమాత్‌లో గురువు, చేలా (శిష్యురాలు) అనే పద్ధతి ఉంది. ఇంట్లోంచి వెళ్లగొట్టిన పిల్లకి అన్నం పెట్టి, మనుషుల్లో ఎలా మసలాలో నేర్పి, జబ్బు చేస్తే చూసుకుని, చచ్చిపోతే కర్మ చేసే వ్యవస్థ అది, తరతరాలుగా నాయకుల్ని తయారుచేసింది కూడా అదే. చదువుకున్న కొత్తవాళ్లు దాన్ని వెనకబాటు అని కొట్టిపారేస్తుంటే నాకు నచ్చదు. అలాగని అందులో తప్పుల్లేవా, ఉన్నాయి, అప్పులున్నాయి, దెబ్బలున్నాయి, చదువుకుంటానంటే వద్దనే గురువులున్నారు. కాబట్టి గురువులతో మాట్లాడి, వాళ్లని కూడా పాఠం చెప్పేవాళ్లుగా కూర్చోబెట్టి, పిల్లలకి చదువు, ఉద్యోగం దారి తెరవాలి. వాళ్లని తోసేసి శిక్షణ పెడితే ఆ పిల్లలు రెండు చోట్లా నలిగిపోతారు. ఇంకోవైపు ఎన్జీవోల్లో ఏళ్ల తరబడి ఒక్కరే అధ్యక్షులుగా ఉండిపోతున్న చోట్లున్నాయి. పెద్దలంటే గౌరవం ఉంది, వాళ్లు తిన్న దెబ్బలు మాకు తెలుసు, అయినా అడుగుతున్నాను, కుర్చీ ఖాళీ చేయకుండా యువ నాయకత్వం గురించి మాట్లాడి ఏం లాభం?

కులం గురించి కూడా. జిల్లాల్లో రోడ్డు మీద కష్టపడేవాళ్లలో ఎక్కువమంది దళిత, బహుజన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే నాకు కనిపించారు, మైకు మాత్రం ఇంగ్లిష్ వచ్చినవాళ్ల చేతికి వెళ్తోంది. తమిళనాడులో గ్రేస్ బాను దళిత ట్రాన్స్ మహిళగా రెండు వివక్షల గురించీ మాట్లాడుతూ సమాంతర రిజర్వేషన్ (ప్రతి కులం కోటాలోనూ ట్రాన్స్‌జెండర్లకి వాటా) అడుగుతూ వస్తున్నారు. కర్ణాటకలో సంగమ సంస్థ హైకోర్టుకి వెళ్లాక 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకి 1 శాతం రిజర్వేషన్ వచ్చింది. మన దగ్గర ట్రాన్స్‌జెండర్లని మూడో జెండర్‌గా గుర్తించి రిజర్వేషన్ ఇవ్వమన్న సుప్రీంకోర్టు 2014 నల్సా తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా ఈ విషయంలో గట్టిగా పట్టుబట్టే యువ గొంతులు తక్కువగానే ఉన్నాయి. లేవని కాదు, నిలబెట్టే దిక్కు లేదు.

ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటాను, 18 నిండనివాళ్లని ఇందులోకి లాగొద్దు. స్కూలు, ఇంటర్ పిల్లలకి కావాల్సింది భద్రత, నమ్మకంగా మాట్లాడే టీచర్, ర్యాగింగ్ నుంచి రక్షణ. వాళ్ల చేత ప్లకార్డులు పట్టించడం నాకు ఇష్టం లేదు. చదువు అయ్యాక వాళ్లకి నచ్చితే వస్తారు.

ఉస్మానియా ఆస్పత్రిలో 2022లో ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ మెడికల్ ఆఫీసర్లుగా చేరినప్పుడు ఎంత సంబరపడ్డామో చెప్పలేను. 2024 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ట్రాఫిక్ అసిస్టెంట్లుగా ట్రాన్స్‌జెండర్లని తీసుకున్నారు, నిన్నటిదాకా అదే సిగ్నల్ దగ్గర చెయ్యి చాచినవాళ్లు యూనిఫామ్ వేసుకున్నారు. అది మంచి పని, ప్రభుత్వాన్ని మెచ్చుకుంటాను. కానీ నిర్ణయాలు జరిగే బల్ల దగ్గర కుర్చీ వేరు. 2018లో ట్రాన్స్ మహిళ చంద్రముఖి మువ్వల గోషామహల్ నుంచి అసెంబ్లీకి పోటీ చేశారు, ప్రచారం మధ్యలో కనిపించకుండా పోయి అందరికీ టెన్షన్ పెట్టిన రోజులు మాకింకా గుర్తున్నాయి, తిరిగొచ్చాక కూడా ఆమె బరిలోనే ఉన్నారు. తమిళనాడులోని వేలూరు కార్పొరేషన్‌లో 2022లో ట్రాన్స్ మహిళ గంగా నాయక్ కౌన్సిలర్‌గా గెలిచారు. వార్డు స్థాయిలో మన దగ్గర కూడా సాధ్యమే, ఓటర్లకి ముఖం తెలియాలి, నల్లా రాకపోతే ఈమె దగ్గరికి వెళ్తే పనవుతుందనే నమ్మకం రావాలి. అది ఏళ్ల తరబడి చేసిన పనితోనే వస్తుంది, అందుకే ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను.

ఖర్చు ఎంతవుతుందని అడుగుతారు కాబట్టి లెక్క కూడా రాస్తున్నాను. తెలంగాణలో 33 జిల్లాలు. జిల్లాకి ఇద్దరు, అందులో ఒకరు తప్పనిసరిగా లెస్బియన్, బైసెక్సువల్ మహిళల నుంచో ట్రాన్స్ మగవాళ్ల నుంచో ఇంటర్‌సెక్స్ వాళ్ల నుంచో ఉండాలి. అంటే 66 మంది. నెలకి 15,000 చొప్పున ఏడాదికి 1 కోటీ 18 లక్షల 80 వేలు. రాష్ట్ర బడ్జెట్‌లో ఇది కంటికి కూడా ఆనదు. రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ బోర్డు ఉంది, సంక్షేమ శాఖ ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి, యూనివర్సిటీలు ఉన్నాయి. నల్సార్ లా యూనివర్సిటీ 2022లోనే హాస్టల్లో జెండర్‌తో నిమిత్తం లేని గదులు పెట్టింది, చట్టం పాఠాలు తెలుగులో తయారుచేయమని అడిగితే కాదనరని నా ఆశ. ఎంపిక మాత్రం అధికారుల చేతిలో పెట్టొద్దు, జిల్లాలో పనిచేస్తున్న సంఘాలవాళ్లు, ఒక లాయర్, ఒక పాత ఔట్‌రీచ్ వర్కర్ కూర్చుని చేయాలి, ఇంగ్లిష్ రాకపోతే తీసేయకూడదు, పేరు బయటపెట్టమని బలవంతం చేయకూడదు. ఆంధ్రప్రదేశ్ కూడా ఇదే పద్ధతిలో మొదలుపెట్టొచ్చు.

మీ పత్రికని ఒకటి అడుగుతున్నాను. ఈ రెండు ప్రభుత్వాల సంక్షేమ శాఖల మంత్రులని మీ విలేకరులు ఈ లెక్క చూపించి అడగండి, ఏం చెప్పారో వేయండి. మీ జిల్లా పేజీల్లో మా వాళ్ల గురించి వచ్చే వార్తలు ఎక్కువగా గొడవలు, అరెస్టులే ఉంటున్నాయి. కలెక్టరేట్‌లో అర్జీ పెట్టి సాధించుకున్న రోజు కూడా ఒక విలేకరిని పంపండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఖమ్మం జిల్లా
(పేరు, చిరునామా సంపాదకులకి విడిగా పంపాను)